మూల మంచం

2006 జూన్‌లో నన్ను సంగారెడ్డిలోని జిల్లా కార్యాలయం నుంచి నారాయణఖేడ్ ప్రాంతానికి పర్యవేక్షకురాలిగా వేశారు. వయోవృద్ధుల, వికలాంగుల సంక్షేమం చూసే మా శాఖలో ఆ హోదా పేరుకే పెద్దది, కింద ఒక అటెండరు కూడా ఉండడు. ప్రభుత్వ సాయంతో నడిచే ఆశ్రమాలను నెలకోసారి తనిఖీ చేసి నివేదిక పంపాలి. మంచినీళ్లు, మరుగుదొడ్లు, మంచాల మధ్య ఎడం, మందులు, వీటన్నిటికీ కొలతలున్నాయి. ఆర్డరు చేతికొచ్చిన రోజు, మారుమూల ప్రాంతమని తోటి ఉద్యోగులంతా నావైపు జాలిగా చూశారు. నాకు ఒళ్లు మండింది. అక్కడ ఉన్నదీ మనుషులే కదా, అంత జాలెందుకు?

ఆ ఆశ్రమాల్లో ఒకటి నారాయణఖేడ్ దాటి కల్హేర్ పోయే దారిలో ఉండేది. ఒక రేకుల షెడ్డూ రెండు గదులూ, అదే ఆశ్రమం. నడిపేది విమలమ్మ. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, అప్పటికే మోకాళ్లు పట్టేసి గోడ పట్టుకుని నడిచేది. గదుల్లో నడవగలిగిన ముసలివాళ్లు, షెడ్డులో మంచాన పడ్డవాళ్లు ఉండేవారు. షెడ్డు చివర, కిటికీ పక్కనున్న ఇనుప మంచాన్ని మూల మంచం అనేవారు. గాలి, వెలుతురు బాగా వస్తాయని అందరికీ దాని మీదే కన్ను. నేను చేరేనాటికి ఆ మంచం మీద మాణిక్యప్ప ఉన్నాడు. కర్ణాటక సరిహద్దులోని నాగల్‌గిద్ద వైపు మనిషి, పక్షవాతంతో మెడ కింద నుంచి కదలలేడు. మాట మాత్రం ఉంది, అదీ ఎక్కువగా కన్నడమే.

అలాంటి మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. ఒకే పక్కన వదిలేస్తే నడుము దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడుతుంది. ఎరుపు చూసి కూడా ఊరుకుంటే పుండవుతుంది. ఆ పుండు ఎముక దాకా దిగుతుంది. చెయ్యి పట్టి గుంజకూడదు. ఒంటి కింద మడిచిన దుప్పటి పరిచి, దాని అంచు పట్టుకుని మనిషిని మెల్లగా దొర్లించాలి. విమలమ్మ ఈ పని బాలమణికి నేర్పింది. బాలమణి ఆ షెడ్డుకు ఒక్కతే ఆయా. మాణిక్యప్ప ఆమెను 'తాయీ' అని పిలిచేవాడు. తన కూతురు వయసున్న మనిషిని పట్టుకుని అమ్మా అంటాడేమిటని మొదట్లో నవ్వుకునేదాన్ని. ఆమె అతని ఒళ్లు తుడవడం చూశాక నవ్వడం మానేశాను.

బాలమణికి మధ్యాహ్నం సద్ది తెచ్చేది ఆమె అత్త దేవమ్మ. ఊరికి ఆ చివరన వాళ్ల ఇల్లు. అరవైకి అటూ ఇటూగా ఉండే బక్కపలచని మనిషి, నోరు మాత్రం గట్టిది. జొన్నరొట్టె మూట కోడలి చేతికిచ్చి, మంచం మంచం దగ్గరా ఆగి అందరినీ పలకరించేది. నన్నూ వదిలేది కాదు. ఎప్పుడొచ్చినా ఏదో రాసుకుని పోతావు, రాసిన తర్వాత ఏమైతదో మళ్లీ చెప్పనే చెప్పవు అని నవ్వుతూ దెప్పేది. ఆమెకు కావలసింది జవాబు కాదనుకుంటాను, ఎవరినైనా ఆటపట్టించకపోతే ఆమెకు పొద్దుపోదు.

దసరా దాటగానే ఆ ప్రాంతంలో ఊళ్లు ఖాళీ అయ్యేవి. చెరుకు కొట్టడానికి లారీలు, ట్రాక్టర్లు ఎక్కి పోయేవారు. గుంపు మేస్త్రీ ఒంటరి మనిషిని తీసుకోడు, జోడీ కావాలి. మగవాడు నరుకుతాడు, ఆడమనిషి ఆకు దూసి మోపు కట్టి బండి దాకా మోస్తుంది. జోడీ లేకపోతే మగవాడికి ఆ సీజనంతా పనే లేదు. కుటుంబాలు అలా కదిలిపోగానే ముసలివాళ్లను చేర్చుకోమని మా ఆశ్రమాల చుట్టూ తిరిగేవాళ్లు పెరిగేవారు. సరిగ్గా అప్పుడే మా ఆయాలూ తగ్గేవారు, ఎందుకంటే వాళ్లూ ఆ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. వేరే మనుషులను పెట్టుకోవచ్చు కదా అని జిల్లా ఆఫీసులో సలహా ఇచ్చేవారు. భూములున్న ఇళ్లవాళ్లు పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తే పనికి రారు, వచ్చేవాళ్లంతా చెరుకు తోటల్లో ఉన్నారు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఫ్యాను చప్పుడులో కలిసిపోయేది.

మా శాఖ చేసిన సాయం ఒకటుంది, అదీ చెప్పాలి. ఆయాలకు సంగారెడ్డిలో శిక్షణ పెట్టింది. పడకపుండ్లు రాకుండా చూడడం మీద పాఠం. బాలమణిని పంపాలంటే ఆ రోజులు మాణిక్యప్పను తిప్పేదెవరు? అందుకని ఆమె వెళ్లలేదు. ఏ ఆశ్రమం నుంచీ అసలు పనిచేసే ఆయా రాలేదు. వంటవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు వచ్చి కూర్చుని పాఠం విని, భోజనం చేసి వెళ్లారు.

ఆ ఏడు దసరా తర్వాత బాలమణి భర్త దానయ్య ఆశ్రమానికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. మంచివాడు, మాట తక్కువ. మేస్త్రీ వచ్చి వెళ్లాడని, బాలమణి బయలుదేరాలని విమలమ్మతో చెప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను. అతనికి ఆశ్రమంలోనే ఏదైనా పని చూపిద్దామంటే మంజూరైన పోస్టు లేదు. ఊళ్లో ఎక్కడైనా పెట్టిద్దామని నేనూ ఆమే కాళ్లరిగేలా తిరిగాం, సోయాచిక్కుడు కోసే కూలి తప్ప ఏమీ దొరకలేదు. అదీ కొద్ది రోజులే. బాలమణి మాత్రం మాణిక్యప్ప మంచం పట్టుకుని నిలబడి, పోతానని గానీ ఉంటానని గానీ అనలేకపోయింది.

ఆ ముడి విప్పింది దేవమ్మ. మర్నాడు సద్ది మూట ఇస్తూ, మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది.

"నా కొడుకుతోని నేను పోత. కోడలు ఈడ నీడ పట్టున ఉండని. ఈళ్లను తిప్పెటోళ్లు ఎవ్వలున్నరు?"

విమలమ్మ ఒప్పుకోలేదు. ఈ వయసులో మోపులు ఎత్తుతావా, నడుము విరగ్గొట్టుకుంటావని కసురుకుంది. నేనూ అదే అన్నాను. అంతకంటే మంచి దారి చూపించమంటే మాత్రం మా ఇద్దరి దగ్గరా లేదు. దేవమ్మ నవ్వి, చిన్నప్పటి నుంచీ తాను చెరుకులోనే పెరిగానంది. పోయే ముందు కిటికీ వైపు చెయ్యి చూపించింది.

"నేను పడ్డనాడు గా మూల మంచం నాకే ఇయ్యాలె, విమలమ్మా. ఇప్పుడే చెప్పి పెడుతున్న."

అట్లాగేనని విమలమ్మ మాటిచ్చింది. మాణిక్యప్ప ఆ మంచం మీంచే, తాను ఖాళీ చేసేదాకా ఆగాలన్నాడు కన్నడంలో. అందరం నవ్వాం.

చలికాలమంతా షెడ్డులో ఎవరికీ పుండు పడలేదు. అంత మంచి నివేదికలు నేను మళ్లీ రాయలేదు. సంక్రాంతి దాటిన తర్వాత ఒకరోజు విమలమ్మ ఫోన్ చేసింది. దేవమ్మ మోపు నెత్తిన పెట్టుకుని గట్టు దిగుతూ జారి పడింది. తుంటి విరిగింది. అక్కడే ఎవరో నాటువైద్యుడు కట్టు కట్టాడు. వారాలు గడిచినా లేవలేకపోవడంతో దానయ్య ఆమెను ట్రాక్టరులో పడుకోబెట్టి నేరుగా ఆశ్రమానికే తెచ్చాడు. నేను వెళ్లేసరికి ఆమె వరండాలో నులక మంచం మీద ఉంది. దవాఖానలో ఎక్స్‌రే తీసి, ఇన్నాళ్ల తర్వాత చేసేదేమీ లేదని, ఇక నడవదని చెప్పారు.

వరండాలోనే ఎందుకుందంటే, లోపలికి తీసుకునే వీల్లేదు. సాయం పొందే ఆశ్రమంలో చేరాలంటే చూసుకునే కొడుకు గానీ కోడలు గానీ లేరని రెవెన్యూ వాళ్ల ధ్రువీకరణ ఉండాలి. దేవమ్మకు ఇద్దరూ ఉన్నారు. పైగా కోడలు అక్కడే ఉద్యోగి. ప్రత్యేక కేసుగా చూడమని నేను సంగారెడ్డి వెళ్లి పై అధికారిని కలిశాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, కూర్చోబెట్టి టీ ఇప్పించి ఓపికగానే విన్నాడు. సిబ్బంది బంధువులను చేర్చుకుంటే ఆడిట్‌లో ఆశ్రమం సాయమే ఆగిపోతుందని, అప్పుడు అందరూ రోడ్డున పడతారని చెప్పాడు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

దేవమ్మను ఇంటికి మోసుకుపోయారు. జోడీ తెగిపోవడంతో దానయ్య రోజూ పొద్దున్నే ఎక్కడ కూలి దొరికితే అక్కడికి పోయేవాడు. బాలమణి ఇక్కడ మాణిక్యప్పను తిప్పి, ఊరికి ఆ చివరన ఉన్న ఇంటికి పరుగెత్తి అత్తను తిప్పి, మళ్లీ ఇక్కడికి పరుగెత్తేది. తర్వాతి తనిఖీకి వెళ్లేసరికి మనిషి సగమైంది. దుప్పటి తీసి మాణిక్యప్ప నడుము చూపించింది. రూపాయి బిళ్లంత ఎరుపు. తన అత్తకూ అంతే ఉందంది.

"ఆడ తిప్పితె ఈడ పుండైతంది. ఈడ తిప్పితె ఆడైతంది. నేనొక్కదాన్నే గద మేడం, ఇద్దర్నెట్ల తిప్పాలె?"

ఇరవై ఏళ్ల సర్వీసులో అంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆ నెలాఖరుకు ఆమె పని మానేసింది. మాణిక్యప్ప దగ్గరికి వెళ్లి చెప్పి పోవాలనుకుందట, షెడ్డు గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లిపోయిందని విమలమ్మ చెప్పింది.

తర్వాత విమలమ్మే అతన్ని తిప్పేది. మోకాళ్లు పట్టేసిన మనిషి, ఎంతకని తిప్పుతుంది? రోజుకు రెండుసార్లయితే గొప్ప. ఎరుపు పుండయింది, పుండు లోతైంది. దవాఖానకు తీసుకుపోతే కట్టు కట్టి పంపారు. అతను చివరి రోజుల్లో ఎవరు మంచం దగ్గరికి వచ్చినా తాయీ అనేవాడు. నన్నూ అన్నాడు. ఎండలు ముదరకముందే పోయాడు.

మంచాన పడ్డవాళ్లను చూసే సిబ్బంది లేరు కాబట్టి షెడ్డును మూసేయాలని ఉత్తర్వు వచ్చింది. దానికి ఆధారమైన నివేదిక రాసింది నేనే, అందులో ప్రతి మాటా నిజమే. మిగిలినవాళ్లను సంగారెడ్డికి మార్చారు. వాళ్లలో బోరంచ ఊరి ముసలామె ఒకతె వ్యాను ఎక్కనని ఏడ్చింది, చివరికి ఎత్తి ఎక్కించారు. మంచాలు శాఖ ఆస్తి కనుక వాటినీ జిల్లా స్టోరుకు పంపాలి. మూల మంచాన్నైనా దేవమ్మ ఇంటికి ఇవ్వనివ్వమని విమలమ్మ నన్ను బతిమాలింది. జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్నారు.

బదిలీ మీద వెళ్లిపోయే ముందు దేవమ్మను చూడడానికి వెళ్లాను. చీకటి గదిలో నులక మంచం మీద పడుకుని ఉంది. బాలమణి దుప్పటి అంచు పట్టుకుని, విమలమ్మ నేర్పినట్టే, ఆమెను నా వైపు దొర్లించింది. పుండు వాసన తెలుస్తూనే ఉంది. దేవమ్మ నన్ను గుర్తుపట్టింది.

"గా మూల మంచం ఖాళీ అయిందట గద అమ్మా? నాకిస్తనన్నది విమలమ్మ."

అబద్ధం చెప్పలేకపోయాను. మంచాలన్నీ సంగారెడ్డి పోయాయన్నాను.

"మంచం గుడ పాయెనా," అని దేవమ్మ కళ్లు మూసుకుంది.

ఆ తర్వాత ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. సంరక్షకురాలంటే ఆకాశం నుంచి ఊడిపడిన మనిషి కాదు, ఆమెకూ ఒక ఇల్లుంటుంది. పరాయివాడి కోసం ఆమెను నిలబెట్టుకుంటే, ఆమె ఇంట్లో ఆ భారం ఇంకెవరి మీదో పడుతుంది. ఆ మనిషి పడిపోయిన రోజు ఆమె మనకూ దక్కదు. అందుకే ఏ ఆశ్రమానికి వెళ్లినా ముందు ఆయాను పిలిచి, మీ ఇంట్లో ముసలివాళ్లెవరు, వాళ్లను చూసేదెవరు అని అడిగేదాన్ని. అడగమని మా శాఖ ఎన్నడూ చెప్పలేదు. 2014లో నేను రిటైరయ్యేనాటికి కూడా, వాళ్లు చెప్పిన జవాబును ఏం చేయాలో మాకెవరికీ తెలియదు.