సున్నపు తేటలో పసుపు

మొన్న పులివెందుల బస్టాండు పక్కన పురుగుమందుల దుకాణం ముందు నిలబడితే, కుళ్లిన వెల్లుల్లి లాంటి వాసన గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం కమలమ్మ టీచరు గుర్తుకొచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జమ్మలమడుగు హైస్కూల్లో ఆమె రసాయనశాస్త్రం చెప్పేవారు. నేను ప్రయోగశాలలో ఆమెకు సహాయకురాలిని. ఏ పదార్థం పేరు విన్నా ముందు దాని నిర్మాణం గీసేవారు. ఆ గీతలు చూసి, అది నీళ్లలో కరుగుతుందో లేదో, ఎంత వేడికి మరుగుతుందో ఊహించి నోటుబుక్కులో రాసేవారు. "ముందే రాయల్ల అమ్మాయ్. చూసినాక రాస్తే మనకు మనమే అబద్ధం చెప్పుకుంటాం" అనేవారు.

ఒకరోజు ఓబులప్ప అనే పత్తి రైతు గోనెసంచిలో చుట్టిన డబ్బా తెచ్చాడు. దాన్నుంచీ అదే వెల్లుల్లి వాసన.

"పురుగుమందు మిగిలింది టీచరమ్మా. డబ్బా కారతాంది. నాకిన కుక్క ఆడికాడే సచ్చిపాయ. వంకలో పోచ్చామంటే మా ఆడామె ఒప్పుకోల్యా."

"మంచి పని చేసింది. ఆ వంకలో చెలమలు తీసి నీళ్లు తాగేది మీరే గదప్పా! డబ్బా ఆడ దూరంగా పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కో పో."

డబ్బా మీది పేరు చదివి, ఆమె నల్లబల్ల మీద గీశారు. నడుమ భాస్వరం. దానికి ఒక పక్క, ఆక్సిజన్ ముడితో వేలాడుతూ ఆరు కర్బనాల వలయం, దాని అవతలి కొసన నైట్రో గుంపు. సుద్దముక్కతో ఆ ముడిని తట్టి, "క్షారం తగిలితే ఈడ తెగల్ల. తెగితే ఈ వలయం పసుపుగా కనపడల్ల" అన్నారు. అదే మాట నోటుబుక్కులో రాశారు.

ముక్కుకు గుడ్డ కట్టుకుని, పరీక్షనాళికలో సున్నపు తేట పోసి, రెండు చుక్కల మందు వేశారు. పాలలా తెల్లబడింది, అంతే. మరునాడూ అంతే. ఓబులప్ప వచ్చి చూసి, "ఏంది టీచరమ్మా, మీ లెక్క తప్పిపాయనే" అని నవ్వాడు. సిగ్గుతో నేను తల దించుకున్నాను. ఆమె మాత్రం, "తప్పితే ఇంకా మంచిదప్పా, యాడ తప్పిందో ఎతుక్కోవచ్చు" అన్నారు.

నాలుగో పొద్దున తలుపు తీసేసరికి నాళికలో లేత పసుపు! పరుగున పోయి ఆమెను పిలుచుకొచ్చాను. కళ్లద్దాలు పైకెత్తి, నాళికను వెలుతురుకు తిప్పి తిప్పి చూశారు.

"అయితే ఇసం పోయినట్టేనా? వంకలో పోయొచ్చునా?" అన్నాడు అప్పుడే వచ్చిన ఓబులప్ప.

"ముడి తెగిందని మటుకే తెలిసింది. ఈ పసుపు ఏం చేస్తాదో నాకు తెలీదు. తెలీనిదాన్ని నీళ్లలో కలపను."

బావులకూ వంకకూ దూరంగా నల్లరేగడిలో గుంట తీయించి, మందును డబ్బాతో సహా తడి సున్నంలో పూడ్పించారు. చుట్టూ ముళ్లకంప వేయించారు.

తర్వాత ప్రొద్దుటూరులో నేనూ చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. ఇప్పటికీ ఏ మందుసీసా చేతికొచ్చినా వెనక్కి తిప్పి పేరు చదివి, వేలితో గాలిలో దాని ఆకారం గీస్తాను. మా కోడలు చూసి నవ్వుకుంటుంది. ఆ మందు ఒంట్లోకి పోయి ఎక్కడ తెగుతుందో, తెగి ఏమవుతుందో తోచేదాకా ఆ సీసా కింద పెట్టబుద్ధి కాదు.