మబ్బమ్మ పాట, మధ్యలో వార్తలు

ముప్పై దాటీ దాటకముందే "ఆ రోజుల్లో" అని మొదలుపెడితే మా ఆవిడ ఫోన్లోనే నవ్వుతుంది. నవ్వనీ. రేడియో విని పెరిగినవాడికి ఆ హక్కు కాస్త ముందే వస్తుందని నా నమ్మకం. ఆ రోజుల్లో జగిత్యాల దిక్కున మా ఊళ్లో, మా ఇంటి గోడగూట్లో ఒక రేడియో ఉండేది. దానికి మా నాయనమ్మ స్వయంగా కుట్టిన పూల గుడ్డ తొడుగు. (మాకు పండక్కి కూడా అంత మంచి గుడ్డ దొరికేది కాదు.) సాయంత్రం రైతుల కార్యక్రమం అయిపోయి వార్తలు మొదలయ్యేలోపు మిగిలే కాస్త సమయాన్ని పూడ్చడానికి స్టేషను వాళ్లు ఏదో ఒక పాట వేసేవాళ్లు. తరచుగా ఒకావిడ పాటే వేసేవాళ్లు. ఆవిడ పేరు చెప్పేవాళ్లో లేదో, మా రేడియో గరగరలో ఎన్నడూ వినిపించలేదు. అందుకని మేమే మబ్బమ్మ అని పేరు పెట్టుకున్నాం. "మబ్బూ మబ్బూ ఏ ఊరికే, మా ఊరు దాటి పోబోకే" అని ఆవిడ ఎత్తుకుంటే నాకు కళ్లు మూతలు పడేవి, నిద్రతో కాదు. ఆవిడ తెల్లచీర కట్టుకుని ఏదో మేడ మీద నిలబడి మా ఊరి వైపే చూస్తూ పాడుతోందనిపించేది.

పాటలో ఒక ఆడమనిషి, ఆకాశంలో పోతున్న మబ్బును ఆపి, విత్తులు వేసుకుని కూర్చున్నాం, నాలుగు చినుకులు రాల్చి పొమ్మని బతిమాలుతుంది. రెండో చరణంలో మబ్బు, ఉండు, గాలిని అడిగి వస్తానంటుంది. సరిగ్గా అక్కడ మబ్బమ్మ గొంతు సన్నబడిపోయి, "వార్తలు" అని ఒక మగ గొంతు ఊడిపడేది. ఎప్పుడూ ఇంతే. మబ్బు తిరిగొచ్చి కురిసిందా, అటే పోయిందా? ఎవరికీ తెలియదు. కురిసే ఉంటుందని నాయనమ్మ. "మన దిక్కు ఏ మబ్బు కురిసిందని, గిది కురుస్తది?" అని నాన్న. మా ఇంట్లో రాజకీయాల మీద ఎన్నడూ గొడవ జరగలేదు గానీ ఈ మబ్బు మీద మాత్రం అన్నాలు మానేసిన సందర్భాలున్నాయి.

తర్వాత ఊరు వదిలాను. కరోనా సంవత్సరంలో నేను బర్ దుబాయ్‌లో ఒక బఖాలాలో, అంటే వీధి కిరాణా కొట్టులో, ఇళ్లకు సామాన్లు చేరవేసే పనిలో ఉన్నాను. అప్పటి పద్ధతి తెలిసిందే. సంచీ తలుపు పిడికి తగిలించాలి, గంట కొట్టాలి, దూరం జరగాలి. తలుపు తెరిచేసరికి మనం లిఫ్టులో ఉండాలి. మనుషుల ముఖాలు చూసి ఎన్నాళ్లయిందో. ఒక పగటిపూట ఏడో అంతస్తులో ఒక తెలుగువాళ్ల ఇంటికి పెరుగు, కొత్తిమీర తీసుకెళ్లాను. గంట మీద వేలు పెట్టబోతుంటే లోపలి నుంచి వినిపించింది. "మబ్బూ మబ్బూ ఏ ఊరికే."

నా వేలు అక్కడే ఆగిపోయింది. అదే గొంతు. అదే సాగదీత. అవతల మనిషి కనబడకుండా ఇటు పాట మాత్రం వినిపించడం, అచ్చంగా మా గోడగూట్లో రేడియో లాగే. ఇంకేం సాక్ష్యం కావాలి? మబ్బమ్మ దొరికింది. (ఆవిడ ఆ ఇంటి అత్తగారనీ, కూతురు పురుటికని వచ్చి విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయిందనీ వాచ్‌మన్ చెప్పాడు. గొప్ప గాయనులకు కూతుళ్ల పురుళ్లు ఉండకూడదని ఎక్కడుంది?) ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేశాను. నాయనమ్మ గొంతులో పదేళ్లు తగ్గాయి. "ఇన్నేండ్లకు దొరికిందిరా. ఇడిసిపెట్టకు. వాన పడ్డదా లేదా, గది ఒక్కటి అడుగు." వెనక నుంచి నాన్న, "ముందుగాల పని సక్కగ చేసుకొమ్మను" అన్నాడు, కానీ ఫోను పెట్టేసే ముందు తీసుకుని, "అడిగినంక నాకు జెప్పు, మీ నాయినమ్మకు కాదు" అన్నాడు.

తలుపు కొట్టి అడిగేస్తే పోయేది. కానీ చిన్నప్పటి మబ్బమ్మను పట్టుకుని, అమ్మా వాన పడిందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. పాట మొత్తం ఆవిడే పాడాలి, నేను బయట నిలబడి వినాలి, అదీ నా కోరిక. అందుకని ఆ ఇంటి సామాన్లను విడతలు విడతలుగా మోయడం మొదలుపెట్టాను. పాలు తీసుకెళ్తే నిమ్మకాయలు మరిచిపోయేవాణ్ణి. నిమ్మకాయలు తీసుకెళ్తే పచ్చిమిర్చి. ఒక్కోసారి నేను వెళ్లేసరికి పాట అయిపోయేది. ఒక్కోసారి మొదటి చరణంలోనే మనవడు నిద్రపోయేవాడు, ఆవిడ జోల ఆపేసేది. ఆ పసివాడి మీద నాకు కలిగిన కోపం పైకి చెప్పుకునేది కాదు. మా ముదీర్, అంటే కొట్టు మేనేజరు, మలయాళీ, మంచివాడే గానీ కోపం వస్తే హిందీలోకి దిగేవాడు. "తూ ఆద్మీ హై కి లిఫ్ట్ హై?" అన్నాడొకరోజు, మనిషివా లిఫ్టువా అని. తర్వాత తాపీగా, "ఖలాస్, రేపటి నుంచి నువ్వు కరామా వైపు. ఆ బిల్డింగ్ ఇంకొకరు చూస్తారు" అని తేల్చేశాడు.

అంటే నాకు మిగిలింది ఆ మధ్యాహ్నం ఒక్కటే. పెరుగు డబ్బా పట్టుకుని ఏడో అంతస్తులో తలుపు పక్కన గోడకు ఆనుకున్నాను. దేవుడి దయ, పసివాడు ఆ రోజు నిద్రపోనని మొండికేశాడు. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. రెండో చరణంలో మబ్బు గాలిని అడిగి వస్తానంది. నేను చెవి తలుపు దగ్గరగా పెట్టాను. ఆవిడ గొంతు మెల్లగా సన్నబడింది, సన్నబడి ఆగిపోయింది. తర్వాత గొంతు బొంగురు చేసుకుని, "వార్తలు" అంది. "ఇగ వార్తలొచ్చినయ్ పండూ, పండుకో."

నాకు ఒళ్లు తెలియలేదు. "అమ్మా, వార్తలు బంద్ జేసి ఆఖరి చరణం పాడుండ్రి" అని బయటి నుంచే అనేశాను. గొలుసు తీయకుండానే తలుపు కాస్త తెరుచుకుంది. మాస్కు పైన రెండు కళ్లు.

"ఎవరు బిడ్డా? మన దిక్కోనివేనా?"

"అవునమ్మా, జగిత్యాల దిక్కు. మీరు రేడియోల పాడినోళ్లే గదా?"

"నేను రేడియోల పాడుడేంది బిడ్డా. మా ఇంట్ల రేడియోనే లేకుండె. పక్కింటోళ్లది గోడవతలికెళ్లి ఇనొస్తుండె. గట్లనే నేర్చుకున్న."

"మరి ఆఖరి చరణం?"

"అక్కడ వార్తలొస్తుండె గద. నాకెట్ల తెలుస్తది?"

పెరుగు డబ్బా ఇచ్చేసి పోదామని చెయ్యి చాపాను. నా ముఖం మాస్కులో ఉన్నా ఎట్లా కనిపెట్టిందో, ఆవిడ గొంతు తగ్గించి, "ఆ వార్తలోళ్లను నేను గూడ మస్తు తిట్టుకున్న. పెండ్లై అత్తగారింటికి పోయినంక, ఇగ ఎవలు జెప్పేటట్టు లేరని నేనే ఒకటి కట్టుకున్న. నవ్వనంటే పాడుత" అంది. నవ్వనన్నాను. ఆవిడ మనవడి వైపు ఒకసారి చూసుకుని, తలుపు సందులోంచి పాడింది.

"గాలి తోలంగ పోతున్న గానీ, పానమంత మీ చెలకల్నే ఉన్నదే."

నవ్వే అవసరం రాలేదు. మాస్కు ఆవిరి పట్టడానికి కళ్లజోడు లేకపోయినా చూపు మసకబారింది. నేను దుబాయ్ వచ్చిన దగ్గర్నుంచీ ఎవరూ నా సంగతి అంత సూటిగా చెప్పలేదు. పెరుగు ఆవిడ చేతికిచ్చి, దండం పెట్టి, లిఫ్టు సంగతి మరిచిపోయి మెట్లు దిగాను. ఇంటికి ఫోన్ చేసి ఆ చరణం వినిపిస్తే, "పానమిక్కడ్నే ఉన్నదంటే కురిసినట్టే" అంది నాయనమ్మ. "పోతున్న అని దాని నోటితోనే చెప్పింది గద" అన్నాడు నాన్న. ఆ రాత్రి కూడా ఒకరు అన్నం మానేశారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు రాస్ అల్ ఖైమాలో ఒక రాళ్ల క్వారీలో స్టోరు చూస్తున్నాను. మొన్నీమధ్య ఎవరో పాతపాటలన్నీ ఫోనులో పెడుతుంటే అసలు పాట పూర్తిగా దొరికింది. చివరి చరణంలో వాన దంచికొట్టింది, చెరువు నిండింది, అందరూ సంతోషించారు. బాగానే ఉంది. కానీ నాకెందుకో మనసుకు పట్టలేదు. ముఖం కూడా సరిగా చూడని ఆ అత్తగారి చరణమే నోటికి వస్తుంది. మూసిన తలుపు ముందు నిలబడ్డ ఒక పడుచువాడు, దాని వెనక సాక్షాత్తూ తన చిన్నతనమే కూర్చుని పాడుతోందని అంత గట్టిగా నమ్మాడంటే, ఇప్పుడు వాణ్ణి తలుచుకుని నవ్వుతాను గానీ ఎగతాళి చేయలేను. నాకిప్పుడు ఏ సంగతిలోనూ అంత నమ్మకం లేదు.

మొన్న వీడియో కాల్‌లో మా బిడ్డకు ఆ పాట, అత్తగారి చరణంతోనే, పాడాను. నాలుగేళ్ల పిల్ల, శ్రద్ధగా విన్నది. అయిపోయాక, "గంత పానమున్నోడు ఎన్నడొస్తడు నాయినా?" అంది. మబ్బు సంగతే అడిగిందనుకుంటాను. మా ఆవిడ మాత్రం ఈసారి నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి క్వారీ ముదీర్‌ను సెలవు అడిగాను.