మా ఇంట్లో మోగిన దరువు

మదనపల్లె బస్టాండు దగ్గర కార్లకు స్పీకర్లు బిగించే షాపు ఒకటి ఉండేది. డిగ్రీ చదివే రోజుల్లో పుంగనూరు బస్సు కోసం దాని ముందే నిలబడేదాన్ని. షాపాయన స్పీకర్ బిగించాక అందరిలా సినిమా పాట పెట్టేవాడు కాదు. గొంతు లేని సంగీతం ఏదో పెట్టేవాడు. అందులో డ్రమ్స్ పరుగెత్తుతుంటాయి, కానీ తిన్నగా పరుగెత్తవు. మధ్యలో తెగి, తడబడినట్టు నటించి, మళ్లీ సరిగ్గా చోటుకొచ్చి పడతాయి. వాటి మీద కీబోర్డు స్వరం ఒకటి ఏ తొందరా లేకుండా దిగులుగా సాగుతుంది. కింద బేస్ మోగితే షాపు అద్దాలతో పాటు నా గుండె కూడా అదిరేది. ఒకరోజు బస్సు వచ్చి కళ్లముందే వెళ్లిపోయినా ఎక్కలేదు.

"ఇది ఏం పాటన్నా?" అని అడిగాను.

"పాట గాదమ్మా, టెస్టింగు. ఇది పెడితే స్పీకర్ మంచిదో కాదో తెలిసిపోతాది," అన్నాడు. ఫోన్లోకి పంపమంటే, ఆడపిల్లకు ఇదేం పిచ్చి అన్నట్టు చూసి పంపాడు. ఫైలుకు పేరు కూడా లేదు.

దాన్ని బ్రేక్‌బీట్ అంటారని, అందులో మరీ వేగంగా పోయే రకం డ్రమ్ అండ్ బేస్ అని తెలిసేసరికి నేను ఉద్యోగంలో చేరి కుప్పం వచ్చేశాను. ఆఫీసు అయ్యాక అద్దె గదిలో కూర్చుని వెతికేదాన్ని. మెత్తటివి వింటే పెద్ద హోటల్ లిఫ్టులో నిలబడ్డట్టు ఉండేది. గట్టివి వింటే పిండిమర ముందు నిలబడ్డట్టు ఉండేది. నాకు రెండూ కావాలి. రాగం ఏడిపించాలి, దరువు ఏడవనివ్వకూడదు. అలాంటిది ఎప్పుడో ఒకటి దొరికేది. దొరికిన మర్నాడు నా మొహం చూసి, సంబంధం కుదిరిందా అని ఆఫీసులో ఆట పట్టించేవాళ్లు.

ఒక సాయంత్రం ఇయర్‌ఫోన్ పిన్ను సరిగ్గా దిగలేదేమో, ఫోన్ బయటికే మోగింది. ఇంటి ఓనరమ్మ గడప దగ్గరకొచ్చి, "ఏమ్మా, సావుమేళం మాదిరి ఉండాదే, ఇట్లాంటివి యాల వింటావు?" అంది. నవ్వుతూనే అంది. కానీ నేను గబుక్కున ఫోన్ ఆపేశాను. గది అద్దెకు అడిగిన రోజు ఆమె "మీరేమోళ్లమ్మా?" అని కులం అడిగితే, నేను ఉద్యోగం పేరు చెప్పి మాట దాటేశాను. ఇప్పుడు ఈ దరువు నన్ను పట్టిచ్చేస్తుందేమోనని భయం వేసింది. ఎందుకంటే మా నాయన పలక కొట్టేవాడు.

పలకంటే తోలు బిగించిన డప్పు. పుంగనూరు పక్కన మా పల్లెలో మా వాడ మగవాళ్లంతా కొట్టేవాళ్లే. ఊళ్లో ఎవరు పోయినా దాన్ని మంటకు కాచి, శవం ముందు నడుస్తూ కొట్టాలి. కబురొస్తే ఒంట్లో బాగాలేకున్నా పోవాలి. నన్ను బడిలో వేసిన ఏడు నాయన పలకను పొయ్యిలో పెట్టేసి, పాల కేంద్రంలో జీతానికి చేరాడు. ఆ తర్వాత మా ఇంట్లో గిన్నె మీద వేళ్లు ఆడించినా ఊరుకునేవాడు కాదు. అలాంటి మనిషి కూతురు హెడ్‌ఫోన్లు కొనుక్కుని మరీ దరువు వెతుక్కుంటోంది. నాయన పారేసిందాన్నే నేను ఏరుకుంటున్నానా అన్న అనుమానం నన్ను తినేసేది. మానేద్దామనుకున్నాను. నాకై నేను వెతికి తెచ్చుకున్న సంతోషం అదొక్కటే, మానలేకపోయాను.

పోయిన ఏడు అమ్మకు డెంగీ వచ్చింది. మదనపల్లె ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నా మంచం దిగలేకపోయింది. సెలవు పెట్టి వెళ్లాను. నాయన డ్యూటీకి పోతూ, "ఏమన్నా అయితే ఫోన్ చెయ్ పాపా," అని గుమ్మంలోనే తచ్చాడేవాడు. ఒక మధ్యాహ్నం అమ్మ నా చెవుల వైపు చూసి, "ఎప్పుడూ అదేందో యింటాంటావు. నాకూ పెట్టు, పండుకోని పండుకోని యాష్టకొస్తాండాది," అంది.

చిన్న స్పీకర్ కిటికీలో పెట్టి, అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది పెట్టాను. అమ్మ కళ్లు మూసుకుని వింది. "బాగుండాది. లోపలికి పోతాండాది," అంది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. సౌండు పెంచాను.

కాసేపటికి, డ్యూటీ నుంచి తిరిగొస్తున్న నాయన చేలగట్టు మీద పరుగెత్తుకుంటూ రావడం కిటికీలోంచి కనిపించింది. సైకిల్ ఎక్కడ వదిలేశాడో, కాళ్లకు చెప్పులు లేవు. నాకు అప్పుడు తట్టింది. దూరానికి రాగం వినపడదు, దరువు ఒక్కటే వినపడుతుంది. జబ్బు మనిషి ఉన్న ఇంట్లోంచి దరువు వినిపించిందంటే మా వాడలో దానికి ఒకటే అర్థం. నాయన లోపలికొచ్చి, మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. అమ్మ లేచి కూర్చుని, "ఉండాను, నేను ఉండాను," అంటోంది. కంగారులో నాకు స్పీకర్ ఆపే బటన్ దొరకలేదు.

నాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నీళ్లు తాగి, ఊపిరి కుదుటపడ్డాక, "ఎవురు కొడతాండారు పాపా అది?" అన్నాడు.

"యాడో విదేశాల్లో నాయనా. దీనికి ఎవురూ సావల్సిన పని లేదు. సంతోషానికి కొడతారు."

నమ్మినట్టు కనిపించలేదు. ఫోన్లో వీడియో పెట్టి చూపించాను. పెద్ద మైదానం, ఎత్తయిన స్టేజీ, దాని మీద మిషన్ల ముందు వంగి ఒక మనిషి, కింద చేతులెత్తి ఎగురుతున్న జనం. నాయన ఫోన్ దూరంగా పట్టుకుని, దరువు తెగిన చోటల్లా కనుబొమలు ముడుస్తూ చివరిదాకా చూశాడు. ఆయన నోటి నుంచి ఒక్క మంచి మాట వస్తే చాలు, ఇక ఎవరికీ భయపడకుండా వింటాను అనుకున్నాను.

"కొట్టడం బాగనే కొట్టినాడు," అన్నాడు నాయన. ఫోన్ నా చేతిలో పెట్టాడు. "అయిపోయినంక ఆయప్పకు అన్నం యాడ పెడతారు? మాకు గొడ్ల కొట్టం ఎనకాల ఆకులేసేవోళ్లు. ఆయప్పను లోపల కూసోబెడతారా?"

లోపలే కూర్చోబెడతారు నాయనా, అన్నాను.

"సూసినావా?" అన్నాడు.

చూడలేదని చెప్పాను.