బెర్నీ తలుపెందుకు తీశాడు

అమెరికాలోని టొలీడో ఊళ్ళో వాండా క్రుపా ఎవరి కంటపడినా అదే ప్రశ్న. "ఇంకా ఆ టీవీ వాళ్ళ పుస్తకాలేనా? సొంతంగా ఏమన్నా రాయొచ్చుగా?" పళ్ళ డాక్టరు ఆమె నోట్లో అద్దం పెట్టి మరీ అడిగాడు. చర్చి మెట్ల మీద ఫాదరు అడిగాడు. సొంతమట, సొంతం! తెర మీద ఏ కారణమూ లేకుండా పరిగెత్తే మనుషులకి మనసు పెట్టి, నెలన్నరలో నవల చేసి ఇవ్వడం వీళ్ళలో ఎవరి తరమట?

వాండా ఇన్సూరెన్సు ఆఫీసులో టైపు కొట్టుకుంటూ, మధ్యాహ్నం తిండి వేళ కథలు రాసుకునేది. అవి చవక పత్రికల్లో చూసి న్యూయార్కు నుంచి మార్విన్ అనే ఎడిటరు ఫోను చేశాడు. అంతరిక్షంలో తిరిగే ఒక ఓడ గురించి 'ఆఖరి రేవు' అని సీరియల్ వస్తోంది. అందులోని మనుషులతో నవలలు రాయాలి, ఒక్కోసారి వాళ్ళ స్క్రిప్టునే నవల చెయ్యాలి. కెప్టెన్‌ని చంపకూడదు, వాడికి పెళ్ళి చెయ్యకూడదు, ఆఖరి పేజీకల్లా ఓడలో ఎక్కడి మనిషి అక్కడే ఉండాలి. వాండా కొత్తగా ఎవరినైనా పుట్టిస్తే వాళ్ళు కూడా, పేరుతో సహా, సీరియల్ తీసే కంపెనీ ఆస్తే. వాండా సంతకం పెట్టింది. అట్ట మీద సీరియల్ పేరు గుమ్మడికాయంత, ఆమె పేరు ఆవగింజంత.

మూడో నవలకి ఓడలో గొట్టాలు బాగుచేసేవాడు ఒకడు కావలసి వచ్చాడు. ఆ ఏడే వాండా అన్న బెర్నీ పోయాడు. గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని చేసి చేసి ఊపిరితిత్తులు పాడైపోయాయి. చివరి శీతాకాలమంతా కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే ఊపిరాడేది కాదు. బాగున్న రోజుల్లో ఎవరింట్లో హీటరు ఆగిపోయినా పిలవకుండానే వచ్చి, దాన్ని బండబూతులు తిడుతూ బాగుచేసి, ఫ్రిజ్‌లో ఉన్న సాసేజి తినేసి పోయేవాడు. వాండా ఆ మనిషిని ఉన్నవాణ్ణి ఉన్నట్టు తెచ్చి ఓడలో పెట్టింది. పేరు కూడా మార్చలేదు. పాఠకులు వాడి కోసం పడి చచ్చారు. సీరియల్ వాళ్ళు కూడా వాణ్ణి తెర మీదికి లాక్కున్నారు. వాండాని మాటవరసకైనా అడగలేదు. అయినా ప్రతి గురువారం టీవీలో అన్న పేరు వినిపిస్తుంటే, వదిన రీటా సోఫాలో కూర్చుని పడీపడీ నవ్వుతుంటే, పోనీలే అనుకుంది.

ఆ తర్వాత ఒక వేసవిలో, ఆ ఏటి చివరి భాగం స్క్రిప్టు వచ్చింది. ఎప్పటిలాగే షూటింగు కంటే ముందే వాండా దాన్ని నవల చెయ్యాలి. అందులో బెర్నీ శత్రువులకి ఓడ తలుపు తెరుస్తాడు. ద్రోహి అని కెప్టెన్ వాణ్ణి కాల్చి చంపుతాడు.

వాండా ఫోనందుకుంది.

"ఏమిటోయ్ మార్విన్ ఈ చెత్త?"

"జనం అదిరిపోవాలి వాండా. అంతే."

"వాడు మా అన్నయ్య!"

"కాగితాల ప్రకారం కంపెనీవాడు. నువ్వు రాయకపోతే ఇంకొకడు రాసి పారేస్తాడు. వాడెలా రాస్తాడో నీకు తెలుసుగా."

రీటాకి చెప్పక తప్పలేదు. ఆమె క్యాబేజీ తరిగే కత్తి బల్ల మీదికి విసిరేసింది.

"బతికినన్నాళ్ళూ ఒకడి ముందు తల దించలేదు మీ అన్న. ఇప్పుడు లోకమంతా చూస్తుండగా దొంగని చేస్తారా?"

"నేను కాదు వదినా, వాళ్ళు..."

"వాళ్ళకి వాడి పేరెవరే ఇచ్చింది? నువ్వు కాదూ? ఫో, నాకు నీ మొహం చూపించకు!"

ఆ మాటలో నిజం ఉంది. అందుకే వాండాకి ఒళ్ళంతా మండిపోయింది. ఇంటికొచ్చి స్క్రిప్టు గోడకేసి కొట్టింది. మళ్ళీ తనే ఏరుకుని టైపు మిషను ముందు కూర్చుంది.

స్క్రిప్టులో మనుషులు అనే మాటలుంటాయి, చేసే పనులుంటాయి. వాటిలో ఒక్కటి మార్చినా కంపెనీలో ఆమోదముద్ర వేసే మహానుభావులు ఎర్రసిరాతో కొట్టేస్తారు. మనసులో ఏమనుకున్నారో మాత్రం స్క్రిప్టులో ఉండదు. ఆ ఖాళీ నింపడానికేగా వాండాలాంటి వాళ్ళకి కూలి ఇచ్చేది! సరే, నింపుతాను చూడండి అనుకుంది.

ఆమె నవలలో బెర్నీ తలుపు తీశాడు. "అవును, నేనే తీశాను" అన్నాడు. తూటాకి పడిపోయాడు. అన్నీ స్క్రిప్టులో ఉన్నట్టే. అయితే తలుపు అవతల గాలి అయిపోయి శత్రువులు గిలగిల్లాడుతూ కొట్టుకుంటున్న చప్పుడు గొట్టంలోంచి వాడొక్కడికే వినబడింది. ఊపిరాడకపోవడమంటే ఏమిటో ఆ ఓడలో తెలిసినవాడూ వాడొక్కడే. శత్రువైనా సరే, అలా చావకూడదు అనుకున్నాడు. కంపెనీవాళ్ళు మాటలు సరిపోయాయని చూసుకుని ముద్ర గుద్దేశారు. మనసు సంగతి వాళ్ళకెందుకు?

ఆ భాగం టీవీలో వచ్చిన వారమే పుస్తకమూ వచ్చింది. నెల తర్వాత కొలంబస్ నగరంలో, ఒక హోటల్లో అభిమానుల సభ. పుస్తకాల మీద సంతకాలు చెయ్యడానికి వాండానీ పిలిచారు. స్క్రిప్టు రాసిన గ్రాంట్ లైల్ తోలుకోటు వేసుకుని వేదిక మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఒక అమ్మాయి లేచి, బెర్నీ తలుపెందుకు తీశాడని అడిగింది.

"ఎందుకేముంది? ఎవడో ఒకడు తియ్యాలిగా, కథ నడవొద్దూ?"

"మరి పుస్తకంలో..."

"పుస్తకాలు లెక్కలోకి రావు తల్లీ. ఆటబొమ్మల పక్కన పెట్టి అమ్ముకునే సరుకు అది."

వెనక వరసలోంచి వాండా లేచింది.

"ఎవడో ఒకడా? వాడి పేరు బెర్నార్డ్ క్రుపా. నీ ఇంటి కిటికీకి అద్దముందే, అలాంటి గాజు చేసి చేసి ఊపిరి పోగొట్టుకున్నాడు. నా తోడబుట్టినవాడు. నీకు వాణ్ణి చంపడం వచ్చింది గానీ ఎందుకు తలుపు తీశాడో ఒక్క నిమిషం ఆలోచించడం రాలేదు. సిగ్గు లేదూ?"

హాలంతా లైల్‌ని అరుపులతో ఏకేసింది. వాండా చల్లారలేదు. అదే కోపంతో వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంటే ఎన్నడూ లేనంత పెద్ద వరస. తలెత్తకుండా సంతకాలు చేస్తోంది. ఒక పుస్తకం బల్ల మీద టప్పున పడింది. ఎదురుగా రీటా.

"చదివాను" అంది రీటా. "తీస్తాడు. చచ్చినట్టు తీస్తాడు. తీసి నాతో ఒక్క ముక్క చెప్పడు, వెధవ!"

కళ్ళు తుడుచుకుని పుస్తకం ముందుకి తోసింది.

"నీ సంతకం నాకక్కర్లేదు. వాడి పేరు రాయి."

వాండా తొలిపేజీలో అచ్చయిన తన పేరు అడ్డంగా కొట్టేసి, కింద పెద్ద అక్షరాలతో బెర్నార్డ్ క్రుపా అని రాసింది. వెనకున్నవాళ్ళు అది చూసి మాకూ అదే రాయమన్నారు. అందరికీ అదే రాసింది. ఆ పేరు కంపెనీ ఆస్తట. వచ్చి చెరుపుకోమనండి.