బాయిలర్ కంటికి బొట్టు

చిటికెడు పసుపుతో, అంతే కుంకుమతో ఒక ఫ్యాక్టరీని ఆపేసిన ఘనురాలిని నేను. మీరు నమ్మరని తెలుసు. మా అమ్మ కూడా మొదట నమ్మలేదు. తర్వాత కాసేపు ఆలోచించి, "నువ్వయితే చేస్తావులే" అంది.

అప్పటికి నేను కాకినాడ నుంచి వచ్చి ఐదు నెలలు. ఉప్పల్‌లో రూము, నాచారంలో టమాటా సాస్ చేసే చిన్న కంపెనీలో ట్రైనీ ఇంజనీరు ఉద్యోగం. ఆరు నెలలు నిండితే పర్మనెంట్, ఈలోగా ఏదైనా తేడా వస్తే కాకినాడ రైలు. సాస్ ఉడకడానికి ఆవిరినిచ్చే గ్యాస్ బాయిలర్ నా బాధ్యతని కాగితం మీద ఉండేది. నిజానికి అది ఇరవై ఏళ్లుగా దాన్ని నడుపుతున్న ఆపరేటర్ యాదగిరన్నది. నాకు తెలిసింది పుస్తకంలోని బొమ్మ. ఆయనకు తెలిసింది దాని దగ్గూ తుమ్మూ.

దసరా మర్నాడు బాయిలర్ ఇన్‌స్పెక్టర్ ఏటా చేసే తనిఖీకి వస్తారన్నారు. ఆయన సరేనంటేనే బాయిలర్ నడవాలి. లేకపోతే సాస్ ఉండదు, నేనూ ఉండను. అందుకని ఆయుధపూజ రోజు పొద్దున్నే, బాయిలర్ చల్లగా ఉండగా, అన్నీ శుభ్రం చేశాం. నీటిమట్టం చూపే గాజు గొట్టం కడిగాం. గ్యాస్ పైపు అతుకులకు సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూశాం. చివర్లో యాదగిరన్న బర్నర్ నుంచి బొటనవేలంత సెన్సార్ ఊడదీసి, దాని గాజును మెత్తటి బట్టతో తుడిచాడు.

"గిది బాయిలర్ కన్ను మేడం. లోపల మంట ఉన్నదా లేదా అని గిదే సూస్తది. మంట కనబడకుంటే గ్యాస్ బంద్ జేస్తది. నేను కొబ్బరికాయలు తెస్త, వచ్చెదాక దీన్ని ముట్టకున్రి."

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మా దగ్గర సెన్సార్ ఆజ్ఞ లేనిదే గ్యాసైనా కదలదన్నమాట.

ముట్టొద్దన్నాడు కదా, ముట్టుకున్నాను. ఏం చేయను, చేతిలో పూజ పళ్లెం ఉంది. పంపుకు బొట్టు పెట్టాను, మోటారుకు పెట్టాను, స్పానర్లకు వరసగా పెట్టాను, మంటలార్పే సిలిండర్‌కయితే రెండు పెట్టాను. ఇన్నింటికి పెట్టి, తళతళలాడే ఆ గుండ్రటి మొహాన్ని బోసిగా వదిలేయడానికి మనసొప్పలేదు. గాజు నిండా తడి పసుపు దిద్ది, మీద కుంకుమ అద్ది, అన్నకు పని తగ్గిద్దామని నేనే తీసుకెళ్లి బిగించేశాను.

"మీరే బిగించిన్రా?" అన్నాడు యాదగిరన్న వచ్చి.

"నేర్చుకున్నాను కదన్నా" అన్నాను. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

దసరా మర్నాడు ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్విచ్ నొక్కాం. ఫ్యాన్ తిరిగింది, నిప్పురవ్వ పడింది, నీలం మంట వచ్చింది. క్షణాల్లో ఆరిపోయి ఎర్ర లైటు వెలిగింది. ఇంకోసారి నొక్కాం. అదే కథ.

"ఇగ నొక్కద్దు" అన్నాడు యాదగిరన్న.

నా కళ్ల ముందు కాకినాడ రైలు కూత వేసింది. యాదగిరన్న చెవిలో గొణిగాను. "అన్నా, ఆ సెన్సార్‌ని తప్పించి వైర్లు కలిపేస్తే?"

"కలపొచ్చు మేడం. మంట లేకున్నా గ్యాస్ వస్తనే ఉంటది. పేలిందంటె మీరు బస్సెక్కకుండనే ఉప్పల్‌ల మీ రూము కాడ పడ్తరు."

ఆయన గ్యాస్ వాల్వు కట్టేసి సెన్సార్ బయటికి తీశాడు. ఎండి అట్టకట్టిన పసుపు, మధ్యలో కందిగింజంత కుంకుమ, ధైర్యంగా. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"కంటికి కాటుక పెడ్తరు గని మేడం, బొట్టెవరు పెడ్తరు?"

"ఎవరి పని?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

"నాదే సార్." ఏడుపొక్కటే తక్కువ.

ఆయన సెన్సార్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మంట కనబడకపోతే గ్యాస్ ఆగుతదో లేదో చూడడానికి, ఈ కన్ను నేనే మూయించాలి. మీరు ముందే మూసిపెట్టిన్రు. రెండుసార్లు ఆగింది. తుడిచి పెట్టున్రి, మిగతావి చూద్దాం."

తుడిచి పెడితే బాయిలర్ ఏమీ జరగనట్టు వెలిగింది. నీళ్లు తగ్గిస్తే ఆగింది, ఆవిరి పెంచితే సేఫ్టీ వాల్వు బుస్సుమంది. ఆ బుస్సుతో పాటే పొద్దున్నుంచి బిగబట్టిన నా ఊపిరీ వదిలాను. నేను దాని కన్ను కప్పేసినా అది గుడ్డిగా నడవలేదు. ఆ మొండితనమే మమ్మల్నందరినీ కాపాడింది. ఆ రోజు దాని మీద కలిగినంత ప్రేమ నాకింకే యంత్రం మీదా కలగలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు వెళ్లాక రిజిస్టర్ తెరిచి ఆయన రాసింది చూశాం. "మంట సెన్సార్ సక్రమంగా పనిచేస్తున్నది. ఇంజనీరుకు కుంకుమ అందుబాటులో ఉంచరాదు."

బొట్టు పెట్టనేల, తుడవనేల. అందుకే సాస్ సాక్షిగా, సేఫ్టీ వాల్వు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో చూపున్న ఏ వస్తువుకూ బొట్టు పెట్టను. మరీ మనసాగకపోతే నా నుదుటికే ఇంకోటి పెట్టుకుంటాను, యాదగిరన్నను అడిగి.