మాస్టారి మోచెయ్యి

ఆ రోజుల్లో, అంటే భీమవరంలో ఇంజనీరింగు ముగించి ఇంకా ఏడాదైనా కాని రోజుల్లో, ఇంటికి మనిషి ఒళ్లే కొలబద్ద కావాలని నాకు గట్టి నమ్మకం. మెట్టు పాదాన్ని బట్టి, కిటికీ కంటిని బట్టి, వంటగట్టు మోచేతిని బట్టి ఉండాలని కాలేజీలో ఒక పాఠం చెప్పారు. (మిగతా పాఠాలకి నిద్రపోయాను కాబట్టి ఇదొక్కటీ బాగా తలకెక్కింది.) నాకు అప్పగించిన మొదటి ఇల్లు రావులపాలెం పక్క ఊళ్లో రిటైరైన ఒక డ్రిల్లు మాస్టారిది. అది బాగుందనిపించుకుంటే ఆఫీసులో ఇంకో ఇల్లు ఇస్తారు, లేదంటే మళ్లీ ప్లాన్లు జిరాక్సు తీయడమే.

మాస్టారు ఆరడుగుల రెండంగుళాల మనిషి. అమ్మగారు కూతురి పురిటికి జంగారెడ్డిగూడెం వెళ్లారు. కొలుస్తానంటే మాస్టారు సంబరంగా ఎటెన్షన్‌లో నిలబడ్డారు. మేస్త్రీ పురికొస పట్టుకుని పాదం నుంచి మోచెయ్యి దాకా సాగదీసి, నాలుగు వేళ్లు తగ్గించి ముడి వేశాడు. "వంటగట్టు కదండీ, అమ్మగారొచ్చాక ఓసారి ఆవిణ్ణి కూడా నిలబెట్టి చూస్తే బాగుంటాదండి," అన్నాడు. "ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?" అన్నాను. "మాస్టారి పేరు మీదేనండి." "అయితే కొలతా ఆయనదే," అని తేల్చేశాను. (నేనూ ఆడదాన్నే. కాకపోతే అప్పటికి నాకు టీ పెట్టడం కూడా రాదు.)

అమ్మగారు సరాసరి గృహప్రవేశం నాడు పొద్దున్నే దిగారు. నాలుగడుగుల ఎనిమిదంగుళాల మనిషి! నా నల్ల గ్రానైటు గట్టు ఆవిడ గుండెల దాకా వచ్చింది. దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద పాలగిన్నె. ఆవిడకి గిన్నె అడుగు తప్ప ఏమీ కనపడదు. "ఏవండీ, పొంగుతున్నాయేమో కాస్త చూడండి," అన్నారావిడ. మాస్టారు గిన్నెలోకి చూస్తూ, "ఇంకా లేదు... ఆఁ, వస్తున్నాయి, వస్తున్నాయి!" అంటూ చటుక్కున స్టవ్వు ఆపేశారు. "చూశావా, ఒక్క చుక్క కూడా పోనివ్వలేదు!" చుట్టాలంతా బిక్కమొహాలు వేశారు. పంతులుగారు నెత్తి కొట్టుకుని మళ్లీ వెలిగించమన్నారు.

రెండోసారి పాలు పొంగాయి, నాకు కన్నీళ్లు కూడా. "తప్పు నాదేనండీ, రేపే పగలగొట్టించి మళ్లీ కట్టిస్తాను," అన్నాను. అమ్మగారు గట్టు మీద చెయ్యి పెట్టి నిమిరారు. "ఎందుకమ్మా పగలగొట్టడం? ఆయన ఎత్తుకి చక్కగా కుదిరింది కదా. నలభై ఏళ్లు నేను వండాను. ఇక ఆయన్నే వండమందాం." అందరూ నవ్వారు. సరదాకి అన్నారనుకుని మాస్టారూ నవ్వారు.

మొన్న అటు వెళ్తే మాస్టారు భుజాన తువ్వాలుతో వంకాయలు వేయిస్తున్నారు. అమ్మగారు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, "మంట తగ్గించండి," అంటున్నారు. "నడుం వంచే పనే లేదమ్మా, గట్టు భలే కుదిరింది," అన్నారాయన. ఆ కూరతో రెండుసార్లు అన్నం కలుపుకున్నాను.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా వంట ఎవరు చేస్తారని ముందు అడుగుతాను. ఆ పురికొస ఇంకా నా బ్యాగులోనే ఉంది. ఒకసారి తీసి నా పాదం నుంచి పైకి పట్టి చూసుకుంటే ముడి నాకూ గుండెల దాకా వచ్చింది. ఆ పనేదో ఆ రోజే చేసుంటే సరిపోయేది. ఆ తెలివిగల ఇంజనీరమ్మని తలుచుకుంటే సిగ్గేస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ముడి మాత్రం ఇప్పటికీ విప్పబుద్ధి కాలేదు.