పోలమ్మకు మా నాన్న చెప్పిన ధైర్యం

మా చిన్నప్పుడు... టెక్కలిలో ఎవరింట్లో ఎవరు పోయినా మా నాన్నకి కబురొచ్చేది. ఒక్కోసారి పురోహితుడి కంటే ముందే! నాన్న తెలుగు మేష్టారు. ఓదార్పు, ఊరడింపు, అనునయం, సాంత్వనం... బళ్ళో పిల్లల చేత ఇవన్నీ వల్లె వేయించేవారు. చావింట్లో వాటిని వాడడం కూడా ఆయనకే చేతనయ్యేది.

ఉత్తరీయం సర్దుకుని కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెడితే... గుండెలు బాదుకునేవాళ్ళు కూడా ఏడుపాపి వినేవారు. "మీ నాన్నకి పెళ్ళింట్లో కంటే చావింట్లోనే కళ ఎక్కువ" అని అమ్మ దెప్పేది. నాన్న నవ్వేసేవారు. లోపల కాస్త గర్వమే అనుకుంటాను.

తర్వాత ఆయన్ని వజ్రపుకొత్తూరు అవతల, సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న ఊరి బడికి మార్చారు. యాభైల్లో సంగతి... నాకు ఎనిమిదేళ్ళుంటాయి. ఎటు చూసినా కొబ్బరితోటలు, ఇసుక. మా పెరటి నూతిలో నీళ్ళు ఉప్పన. తోటలోని మంచినీళ్ళ నూతినుంచి పోలమ్మ అనే ఆవిడ మాకు రోజూ బిందెతో నీళ్ళు తెచ్చేది. వస్తూ వస్తూ మొగలిరేకు ఒకటి తెచ్చి నా జడలో పెట్టేది. ఆ వాసన కోసం నేను వీధిలోనే కాచుకుని ఉండేదాన్ని...

ఆవిడ మొగుడు ఎర్రయ్య. తెప్ప మీద వేటకెళ్ళేవాడు.

కార్తీకమాసంలో ఒక పొద్దున గాలి తిరిగింది. వేటకెళ్ళిన తెప్పలన్నీ ఎలాగో ఒడ్డుకొచ్చాయి... ఎర్రయ్య తెప్ప ఒక్కటే రాలేదు. జతగాడికి జ్వరమని ఆ రోజు ఒంటరిగా వెళ్ళాడట.

ఊళ్ళో ఎవరూ ఏడవలేదు. అదే నాకు వింతగా ఉండేది. ఆడవాళ్ళంతా రోజూ పోలమ్మ గుమ్మం ముందు కూర్చుని ఎండుచేపల సంగతి, వలల సంగతి, ఎవరి ఆవు ఈనిందో ఆ సంగతి మాట్లాడుకునేవారు. పోలమ్మ కూడా వాళ్ళతో మాట్లాడుతూనే వంట చేసేది. ఎర్రయ్య వాటా అన్నం తీసి మూతపెట్టి ఉంచేది. మర్నాడు అది తీసేసి మళ్ళీ వేడిది పెట్టేది.

పని మీద టెక్కలి వెళ్ళిన నాన్న తిరిగొచ్చాక అమ్మ విషయం చెప్పింది. కాళ్ళయినా కడుక్కోకుండా, "పద, ఆ తల్లికి ధైర్యం చెప్పి వద్దాం" అని నన్ను కూడా తీసుకెళ్ళారు.

వెళ్ళి, బోర్లించిన గంప మీద కూర్చున్నారు. ఉత్తరీయం సర్దుకున్నారు.

"ఏం చేస్తామమ్మా... పైవాడు పిలిస్తే ఆపడం మన చేతిలో ఉందా? గుండె దిటవు చేసుకోవాలి..."

ఆడవాళ్ళ మాటలు ఠక్కున ఆగిపోయాయి. ఎర్రయ్య తల్లి చెయ్యి ఊపింది, వద్దు వద్దని. ముసలామె దుఃఖం ఆపుకోలేక అలా చేస్తోందనుకున్నారు నాన్న... ఇంకా మెత్తగా, ఇంకా అందంగా మాట్లాడారు. టెక్కలిలో ఎంతమందినో ఊరుకోబెట్టిన మాటలే అవి.

పోలమ్మ గరిటె కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"ఎక్కడ తేలేడు బాబూ?"

నాన్నకి అర్థం కాలేదు.

"మా మావ ఏ ఒడ్డుకి కొట్టుకొచ్చేడు? మీరు సూసేరా?"

అప్పుడు చెప్పింది ఆ ముసలామె... సముద్రం మీదికెళ్ళి రానివాడి ఇంట్లో, శవాన్ని కళ్ళారా చూసినవాడే మొదటి ధైర్యం మాట అనాలట. అందాకా ఎవరూ ఆ మాట ఎత్తకూడదట. అందుకే వాళ్ళంతా రోజూ ఆవుల గురించీ వలల గురించీ మాట్లాడింది.

"నేను చూళ్ళేదమ్మా... నాకేం తెలీదు. ఊరికే... ధైర్యం చెబుదామని..." నాన్న గొంతు అంతలా తడబడడం నేనెప్పుడూ వినలేదు.

ఎవరూ నమ్మలేదు. అప్పుడే టెక్కలినుంచి వచ్చినవారు, చదువుకున్నవారు... చూసే ఉంటారు, చెప్పలేక దాస్తున్నారు అనుకున్నారు. మగవాళ్ళు భావనపాడు దాకా ఒడ్డు వెంట వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. మూతపెట్టిన అన్నం పోలమ్మ కాకులకి వేసేసింది. సాయంత్రానికి ఆవిడ చేతులకి గాజులు లేవు.

మా నాన్న ఆ మాట అనకపోయుంటే ఆమె ఇంకా ఎదురుచూసేది కదా... ఎన్నాళ్ళో తెలీదు గానీ చూసేది. ఆ ఆశ కూడా మేమే తీసేశాం.

తర్వాత కూడా నీళ్ళు తెచ్చేది. మొగలిరేకు లేదు. బిందె దించి గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగేది. "ఎక్కడ సూసేరో ఒక్క పాలి సెప్పండి బాబూ... నానేడవను." నాన్న చేతులు జోడించేవారు. ఆవిడ ఖాళీ బిందె పట్టుకుని వెళ్ళిపోయేది.

మళ్ళీ టెక్కలికి బదిలీ అయి సామానుతో ఎడ్లబండి కదిలిన రోజు, తోట దాటేదాకా బండి పక్కనే నడిచింది. "ఎల్లిపోతన్నారు కదా... ఇప్పుడైనా సెప్పండి బాబూ." ఇసుక అయిపోయి గట్టి బాట వచ్చాక ఆవిడ ఆగిపోయింది...

టెక్కలిలో మళ్ళీ చావు కబుర్లు వచ్చేవి. నాన్న ఒంట్లో బాగాలేదని చెప్పించేవారు. పోయేదాకా మరెవరి ఇంటికీ పరామర్శకి వెళ్ళలేదు.

ఇప్పుడు ఫోన్‌లో ఎవరిదో ఫొటో కనబడగానే, ఎలా పోయారో చదవకముందే చేతులు జోడించిన బొమ్మ పెట్టేస్తున్నాం. నేనూ పెడతాను... కానీ పెట్టే ముందు ఒక్క క్షణం వేలు ఆగిపోతుంది.

మీ ఊళ్ళల్లో, మనిషి ఏమయ్యాడో తెలియని ఇంటికి వెళ్తే ఏం మాట్లాడేవారు? తెలిస్తే రాయండి. ఆ రోజు బండి పక్కన నడిచిన మనిషికి నాన్న ఏం చెప్పి ఉండాల్సిందో... ఈ వయసుకి కూడా నాకు ఒక్క మాటా తోచడం లేదు.